గడియ ఎటువైపు?

పోయిన నెల ఒక ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో నేను చరిత్ర పాఠాలు చెప్పే కాలేజీలో ఆడపిల్లల హాస్టలు గేటుకి కార్డు రీడర్లు బిగించాలని అందులో ప్రతిపాదన. గేటు బయట ఒకటి, లోపల ఒకటి. బయటిది వచ్చేవాళ్ళకి, లోపలిది వెళ్ళేవాళ్ళకి. ప్రతి పిల్లకీ ఒక కార్డు ఇస్తారు. సాయంత్రం ఆరు దాటాక లోపలి రీడరు మీద కార్డు పెడితే ఎర్ర దీపం వెలుగుతుంది, తలుపు కదలదు. మిగిలిన వేళల్లో కార్డు పెట్టిన ప్రతిసారీ ఆ పిల్ల తండ్రి సెల్‌ఫోనుకి ఒక మెసేజ్ వెళుతుంది. ఆరుగురు సభ్యుల కమిటీలో నేను ఐదో సంతకం చెయ్యాలి. నాలుగు సంతకాలు అప్పటికే పడి ఉన్నాయి.

ఫైలు మొదటి పేజీలో 'రక్షణ' అన్న మాట పదకొండు సార్లు ఉంది. లెక్కపెట్టాను. దొంగని రానివ్వకుండా చెయ్యడానికి బయటి రీడరు చాలు కదా, లోపలిది ఎందుకు? ఈ ప్రశ్న వేస్తే మా కమిటీలో పెద్దాయన ఒకరు చాలా మర్యాదగా, "అమ్మా, లోపలికొచ్చే వాళ్ళతో కాదు మనకి ఇబ్బంది, బయటికెళ్ళే వాళ్ళతోనే" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఉన్నమాటే చెప్పారు. మన ప్రాంతం చరిత్రంతా ఆ ఒక్క వాక్యంలో ఉందనిపించింది. సంతకం పెట్టకుండా ఫైలు ఇంటికి తెచ్చుకున్నాను.

ఆడవాళ్ళు బయటికి వెళ్ళే దారికి కాపలా పెట్టడం కార్డులతో మొదలవలేదు. విజయనగరంలో ఆడవాళ్ళ సర్కారు ఆసుపత్రిని జనం 'ఘోషాసుపత్రి' అంటారు. నా ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టారు. ఎన్నిసార్లు వెళ్ళినా ఆ పేరు గురించి ఆలోచించలేదు. ఘోషా అంటే పరదా. గడప దాటకూడని ఆడవాళ్ళకి వైద్యం కావాల్సి వస్తే ఆసుపత్రికే పరదా కట్టారు. గోడని తీసెయ్యలేదు, కాస్త దూరం జరిపారు. దానివల్ల కొన్ని వేల మంది ఆడవాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారన్నదీ నిజమే. ఈ రెండు నిజాలనీ కలిపి పట్టుకోవడం మనకి అలవాటు కావాలి.

ఇంకా వెనక్కి వెళితే బొబ్బిలి. 1757 జనవరి 24. కోట చుట్టూ బుస్సీ ఫ్రెంచి సేన, పెద విజయరామరాజు సైన్యం. ఆ యుద్ధాన్ని మనం పౌరుషగాథగా పాడుకుంటాం. కోట కూలిపోతుందని తెలిశాక లోపల జరిగింది రాబర్ట్ ఓర్మ్ తన చరిత్రలో రాశాడు. మగవాళ్ళు ఇళ్ళకి నిప్పు పెట్టారనీ, మంటల్లోంచి బయటికి రావాలని చూసిన వాళ్ళని పొడిచారనీ. ఓర్మ్ ఇంగ్లీషు కంపెనీ మనిషి, అతను రాసిందంతా యథాతథంగా తీసుకోనక్కర్లేదు. కానీ మన కథల్లో ఆ ఆడవాళ్ళు 'ఆత్మార్పణ' చేసుకుంటారు, అతని కథనంలో కొందరు బయటికి రాబోయారు. ఈ తేడా దగ్గర నేను ఇరవై ఏళ్ళుగా క్లాసులో ఆగుతున్నాను. బయటికి రాబోయిన ఆ ఆడవాళ్ళ గురించి ఎవరూ పాట కట్టలేదు. పరువు అనే తాళం కప్పకి బయటివైపు చెవి ఉండదు. మంట వచ్చినప్పుడు కూడా.

ఆ తర్వాతి శతాబ్దంలో తలుపు దగ్గర మనిషి స్థానంలోకి కాగితం వచ్చింది. అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి, అంటే ఇప్పటి మన జిల్లాల నుంచి, వేలమంది కూలికోసం సముద్రం దాటారు. కొందరు మారిషస్, కొందరు నాటాల్, చాలామంది బర్మా. మారిషస్‌లో 1867 నాటి చట్టం తర్వాత, గడువు పూర్తయిన కూలీలు కూడా తమ ఫొటో ఉన్న టికెట్టు జేబులో పెట్టుకుని తిరగాలి. రోడ్డు మీద పోలీసు అడిగితే చూపించాలి. లేకపోతే దేశదిమ్మరి కింద లెక్క. మనం మెడలో వేసుకునే ఫొటో గుర్తింపు కార్డుకి చాలా తొలి రూపం అది. ఆ కార్డు పుట్టింది బ్యాంకులోనూ కాదు, ఆఫీసులోనూ కాదు. చెరుకు తోటలో, కూలివాడు తోట వదిలి పోకుండా చూడటానికి పుట్టింది. నాటాల్‌లోనూ అంతే. 1860 నుంచి 1911 దాకా అక్కడికి లక్షన్నర మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా ఎస్టేటు దాటితే అరెస్టు.

గడువు పూర్తిచేసుకుని అక్కడే ఉండిపోదామంటే ఏటా మూడు పౌన్ల పన్ను. దాన్ని ఆడవాళ్ళ మీదా వేశారు, 1903 చట్టంతో పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లల మీద కూడా. 1913లో ట్రాన్స్‌వాల్ నుంచి పదకొండుమంది ఆడవాళ్ళు, ఎక్కువమంది తమిళులు, కొందరు చంకలో పిల్లలతో, అనుమతి పత్రం లేకుండా రాష్ట్ర సరిహద్దు దాటారు. నాటాల్‌లోని న్యూకాజిల్ బొగ్గు గనులకి వెళ్ళి, పన్ను రద్దయ్యేదాకా గనిలోకి దిగొద్దని కూలీలకి చెప్పారు. గనుల నుంచి వేలమంది బయటికి నడిచారు. ఆ నడకని మనం గాంధీ పేరుతో చదువుకున్నాం. ముందు గీత దాటింది మాత్రం ఈ ఆడవాళ్ళు. వాళ్ళకి మూడు నెలల జైలు పడింది. అదే ఉద్యమంలో జైలుకి వెళ్ళి జ్వరంతో బయటికి వచ్చిన పదహారేళ్ళ వల్లియమ్మ 1914 ఫిబ్రవరి 22న చనిపోయింది. ఆ పన్ను ఆ ఏడే రద్దయింది.

ఇక మా ఇంటి చరిత్ర. మా అమ్మ విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో పదిహేడేళ్ళు పనిచేసింది. ఆవిడకి ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది, దాని మీద నంబరు. పొద్దున గేటు దగ్గర ఆ బిళ్ళ ఇస్తే టైమాఫీసు గోడమీద మేకుకి తగిలించేవారు. సైరన్ మోగాక, పోగు తెల్లగా పట్టిన జుట్టుతో వరసలో నిలబడి, ఆడ కాపలామనిషి చేత కొంగూ, బొడ్లో సంచీ తడిమించుకుని, బిళ్ళ తీసుకుని ఇంటికి రావాలి. మధ్యలో రావాలంటే మేస్త్రీ సంతకం, టైమాఫీసు ముద్ర ఉన్న పాసు కావాలి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తమ్ముడికి జ్వరం ఎక్కువై ఫిట్సు వచ్చాయి. పక్కింటి పెద్దమ్మ వాణ్ణి భుజాన వేసుకుంది, నేను మిల్లు గేటుకి పరిగెత్తాను. కబురు లోపలికి వెళ్ళింది. మేస్త్రీ భోజనానికి వెళ్ళాడు. అమ్మ గేటు లోపల, నేను బయట. ఊచల మధ్యనుంచి ఆవిడ చెయ్యి నా చేతిని పట్టుకునే ఉంది. దాదాపు గంట. గేటు తెరిచే ఉంది నిజానికి, లారీలు వెళుతున్నాయి. ఆవిడ నడిచి వచ్చెయ్యొచ్చు. వస్తే బిళ్ళ లోపల ఉండిపోతుంది, మర్నాడు పనుండదు. తమ్ముడు బతికాడు. ఎడం చెవి వినిపించదు వాడికి. ఆ గంట వల్లేనని నేననను. అమ్మ మాత్రం అలాగే అనుకుంటుంది. ఇప్పటికీ అంటుంది: "బిళ్ళ ఆల్ల కాడుంటే మనిసి ఆల్ల కాడున్నట్టేనే గుంటా. మనిసి ఎల్లిపోయినా బిళ్ళకే లెక్క."

కార్డు రీడర్ల గురించి తర్వాత నేను ఎంత చదివినా ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. యంత్రం మనిషిని చూడదు, బిళ్ళనే చూస్తుంది. కొత్త రీడర్లలో ఒక ఏర్పాటు ఉంటుంది. లోపలికి కార్డు పెట్టి వెళ్ళిన వాళ్ళనే బయటికి వదులుతుంది. ముందు వెళ్ళిన స్నేహితురాలు తలుపు పట్టుకుంటే ఆమె వెనకే నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయిన పిల్ల, యంత్రం లెక్కలో అసలు లోపల లేనే లేదు. లోపల లేని మనిషిని బయటికి ఎలా పంపుతుంది? ఆ పిల్ల తలుపు ముందు నిలబడి కార్డు ఎన్నిసార్లు రాసినా ఎర్ర దీపమే.

గేటుకి రెండో ముఖం కూడా మా జిల్లా చూసింది. కార్మికుల్ని బయటే ఉంచి తాళం వెయ్యడం, అదే లాకౌటు. నెల్లిమర్లలో 1994 జనవరి 29న పోలీసు కాల్పుల్లో ఐదుగురు జూట్ కార్మికులు చనిపోయారు. లోపలున్నప్పుడు బయటికి రానివ్వని గేటు, బయటున్నప్పుడు లోపలికి రానివ్వదు. గడియ ఎటువైపు ఉన్నా, చెయ్యి ఒకరిదే.

బయటికి వెళ్ళే దారిని యజమాని సొత్తుగా భావించడం ఎక్కడికి దారితీస్తుందో తెలియాలంటే 1911 మార్చి 25 గురించి చెప్పుకోవాలి. న్యూయార్క్‌లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కంపెనీ. ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే కార్ఖానా. ఎక్కువమంది ఇటలీ నుంచీ, తూర్పు యూరప్ నుంచీ వచ్చిన పేద ఇళ్ళ అమ్మాయిలు. గుడ్డముక్క దొంగిలించారేమోనని సంచులు వెతకడానికి అందర్నీ ఒకే తలుపు గుండా పంపేవారు, తొమ్మిదో అంతస్తులో రెండో తలుపుకి తాళం. నిప్పంటుకుంది. 146 మంది చనిపోయారు, వారిలో 123 మంది ఆడవాళ్ళు. ఎందరో కిటికీల్లోంచి దూకారు. విచారణలో యజమాని ఒకడు, దొంగతనాల వల్ల పోయిన సరుకు విలువ ఇరవై అయిదు డాలర్లు కూడా దాటదని ఒప్పుకున్నాడు. అయినా యజమానులిద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. వాళ్ళలో ఒకడు 1913లో మరో కార్ఖానాలో మళ్ళీ తలుపుకి తాళం వేసి దొరికాడు. జరిమానా ఇరవై డాలర్లు.

నూరేళ్ళ తర్వాత కరాచీలో, 2012 సెప్టెంబరు 11న, ఆలీ ఎంటర్‌ప్రైజెస్ దుస్తుల కార్ఖానాలో 250 మందికి పైగా చనిపోయారు. అది కావాలని పెట్టిన నిప్పు అని 2020లో కోర్టు తేల్చింది. నిప్పు ఎవరు పెట్టినా, కిటికీలకి ఊచలూ తలుపులకి తాళాలూ ముందునుంచే ఉన్నాయి.

ఇవన్నీ ఎక్కడివో కథలనుకోవద్దు. మా విద్యార్థినులలో చదువు ఆపేసినవాళ్ళు కొందరు ఇవాళ అచ్యుతాపురం సెజ్‌లో కుట్టుమిషన్ల ముందు కూర్చుంటున్నారు. 2022 జూన్ 3న, మళ్ళీ ఆగస్టు 2న, అక్కడి దుస్తుల కర్మాగారంలో విషవాయువు పీల్చి పెద్ద సంఖ్యలో ఆడవాళ్ళు వాంతులతో, స్పృహ తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. గర్భిణులూ ఉన్నారు. 2024 ఆగస్టు 21న అదే సెజ్‌లో మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది చనిపోయారు. అటువంటి చోట 'బయటికి దారి ఎటు, ఎవరి అనుమతితో' అన్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

కార్డు రీడరుని పూర్తిగా కొట్టిపారెయ్యను. పేలుడు జరిగినప్పుడు లోపల ఎవరున్నారో తెలియాలి. కాంట్రాక్టు మీద వచ్చిన స్వీపరమ్మ పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు, శిథిలాల కింద ఆమెని ఎవరూ వెతకరు. కార్డు ఉంటే, "ఈమె బయటికి రాలేదు" అని యంత్రమైనా చెబుతుంది. మా అమ్మ బిళ్ళకి ఆ ఉపయోగం ఉంది. గోడమీద మిగిలిన బిళ్ళ, లోపల మిగిలిన మనిషి. అందుచేత లెక్క వెయ్యడం తప్పు కాదు. లెక్క వేసే యంత్రానికి ఆపే అధికారం కూడా ఇవ్వడం తప్పు. ఈ రెండూ వేరు వేరు పనులు. ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతారు కాబట్టి మనకి ఒకటిగా కనిపిస్తాయి.

తాళాల సంగతి నేర్చుకోవడానికి ఒక ఎలక్ట్రీషియన్ని ఇంటికి పిలిచి రెండు గంటలు చెప్పించుకున్నాను. ఈ తలుపులకి రెండు రకాల తాళాలట. కరెంటు పోతే తెరుచుకునేది ఒకటి, కరెంటు పోయినా బిగిసి ఉండేది ఇంకొకటి. అయస్కాంతంతో పట్టి ఉంచే తాళం మొదటి రకం. కరెంటు ఉన్నంతసేపే పట్టు. అయితే దానికి బ్యాటరీ తగిలిస్తే కరెంటు పోయినా వదలదు. అందుకని నిప్పు అలారం మోగగానే తాళానికి వెళ్ళే తీగ దానంతటదే తెగిపోయేలా కలపాలి. తలుపు పక్కన ఒక బొత్తాం ఉండాలి, అది కంప్యూటరుని అడగకుండా నేరుగా తాళాన్ని వదిలించాలి. మన దేశ జాతీయ భవన నియమావళి 2016లో చాలా సాదాగా ఒక మాట ఉంది. ప్రమాదంలో బయటపడే దారిలోని తలుపులు లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. 1948 ఫాక్టరీల చట్టం 38వ సెక్షన్ కూడా నిప్పు నుంచి తప్పించుకునే దారి గురించే. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారినా తలుపు దగ్గర మనిషి అవసరం మారదు.

మా ఫైల్లో ఏ రకం తాళమో రాయలేదు. బొత్తాం ప్రస్తావన లేదు. తండ్రి సెల్ నంబరు గడి మాత్రం ఉంది.

ఇంతవరకూ ఇతరుల తప్పుల గురించి రాశాను. ఇప్పుడు నాది.

2018లో నేను అదే హాస్టలుకి డిప్యూటీ వార్డెన్ని. అప్పుడు రీడర్లు లేవు. గ్రిల్ గేటుకి ఇంత లావు తాళం కప్ప, చెవి నా దిండు కింద. నా క్వార్టర్ గ్రౌండుకి అవతల. ఆ ఏడు అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. రాత్రే కరెంటు పోయింది. గాలి హోరుకి పక్కమాట వినిపించడం లేదు. చెట్లు ఒక్కొక్కటిగా కూలుతున్నాయి. ఒక చింతచెట్టు నా గుమ్మానికి అడ్డంగా పడింది. హాస్టలు వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. నా దగ్గర చెవి ఉంది, నేను కదల్లేను. లోపల నలభై ఆరుగురు పిల్లలు, వాచ్‌మేన్ బయట షెడ్డులో.

చెట్టుకొమ్మలు నరికించుకుని, గ్రౌండు దాటి వెళ్ళేసరికి తెల్లారింది. గేటు దగ్గరికి వచ్చేసరికి పిల్లలందరూ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వెనకవైపు రేకులు ఎగిరిపోయి రెండు గదుల్లోకి వాన కొడుతోంది. ఎవరికీ ఏమీ కాలేదు. తాళం తీస్తుంటే నా చెయ్యి వణికింది, చెవి రెండుసార్లు కింద పడింది. ఒక పిల్ల ఊచల మధ్యనుంచి నా చెయ్యి పట్టుకుని, "కంగారు పడకండి మేడమ్" అంది. ఆ చెయ్యి ఎక్కడిదో నాకు తెలుసు. ఈసారి నేను గేటుకి అవతలివైపు ఉన్నాను.

తర్వాత కాలేజీలో నన్ను మెచ్చుకున్నారు, చెట్టు దాటి వెళ్ళానని. తాళం వేసింది నేనేనని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఉద్దానంలో కొబ్బరీ జీడీ తోటలు నేలమట్టమై, ఊళ్ళకి ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్న వారమది. నా తప్పు గురించి మాట్లాడే సమయం కాదనుకున్నాను. ఏడేళ్ళు దాటినా ఆ సమయం రాలేదు. ఈ ఫైలు వచ్చింది.

ఫైలు గురించి తెలిసి ఒక విద్యార్థిని నా గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, "మేడమ్, ఆ మెసేజ్ అమ్మ నంబరుకి రాదా?" అని అడిగింది. వాళ్ళమ్మా నాన్నా విడిగా ఉంటారు. ఫీజు కట్టేది నాన్న. అమ్మ ఇదే ఊళ్ళో హోటల్లో పిండి రుబ్బుతుంది. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఈ పిల్ల అమ్మ దగ్గరికి వెళుతుంది. నాన్నకి తెలిస్తే చదువు ఆగిపోతుంది. ఇప్పటిదాకా రిజిస్టరులో 'బజారు' అని రాసి వెళుతోంది. చేత్తో రాసే రిజిస్టరుకి ఆ మాత్రం దయ ఉంది. దాన్ని చదివే వార్డెనమ్మకి సంగతి తెలుసు, తెలియనట్టు ఉంటుంది. యంత్రానికి అలా తెలియనట్టు ఉండటం రాదు. దాని దృష్టిలో తండ్రంటే నంబరు, రక్షణంటే ఆ నంబరుకి చేరిన సమాచారం.

2015లో ఢిల్లీ హాస్టళ్ళ అమ్మాయిలు 'పింజ్రా తోడ్' అని, పంజరం విరగ్గొట్టమని, రోడ్డెక్కినప్పుడు నేను స్టాఫ్‌రూములో చప్పట్లు కొట్టినదాన్ని. ఆ రాత్రి కూడా నా దిండు కింద చెవి ఉంది. స్త్రీవాదం మన వ్యాసాల్లో ఉండటం తేలిక. తాళంచెవి మన చేతికి వచ్చినప్పుడు దాంతో ఏం చేశామన్నదే అసలు లెక్క. తల్లులుగా, అత్తలుగా, వార్డెన్లుగా, హెడ్‌మిస్ట్రెస్‌లుగా కాపలా పని ఎప్పుడూ మనకే అప్పజెప్పారు. మిల్లు గేటు దగ్గర మా అమ్మ కొంగు తడిమింది కూడా ఒక ఆడమనిషే. ఆవిడకీ ఒక బిళ్ళ ఉండేది.

ఫైల్లో నా అభిప్రాయం రాశాను. బయటి రీడరుకి అభ్యంతరం లేదు. లోపలివైపు రీడరు వద్దు. లోపలినుంచి ఎవరు తోసినా తెరుచుకునే తలుపు ఉండాలి. రాత్రివేళ తెరిస్తే వార్డెన్ గదిలో గంట మోగితే చాలు. వార్డెన్ లేచి వచ్చి, "ఏమ్మా, ఎక్కడికి?" అని అడగాలి. అడగడం మనిషి పని. మెసేజ్ ఎవరికి వెళ్ళాలో, అసలు వెళ్ళాలో వద్దో, పద్దెనిమిదేళ్ళు నిండిన విద్యార్థిని నిర్ణయించుకోవాలి. రాకపోకల వివరాలు నెల దాటాక చెరిపెయ్యాలి. వీటి కింద 2018 అక్టోబరు 11 రాత్రి జరిగింది, తాళం వేసింది నేనేనన్న సంగతితో సహా, ఒక పేజీ రాసి సంతకం చేశాను.

మొన్న సమావేశం అయింది. నిప్పు అలారంతో తాళం వదిలే ఏర్పాటుకి ఒప్పుకున్నారు. లోపలి రీడరు ఉంటుందన్నారు, పక్కన బొత్తాం పెడతామన్నారు. మెసేజుల విషయం వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. అంటే సగం దారి. మిగతా సగానికి విద్యార్థినులు తమ సంతకాలు సేకరిస్తున్నారు. నన్ను అడక్కుండానే మొదలుపెట్టారు, అది నాకు సంతోషం.

మిల్లు మూతపడ్డాక అమ్మ బిళ్ళ ఇంట్లోనే మిగిలిపోయింది. నిన్న అడిగితే, బియ్యం డబ్బాలోంచి తీసి ఇచ్చింది. నంబరు అరిగిపోయి వేలితో తడిమితే గానీ తెలియడం లేదు. వచ్చే సమావేశానికి దాన్ని పట్టుకెళ్ళనా అని అడిగాను. "పట్టుకెల్లు" అంది అమ్మ. "మల్లీ తెచ్చీ. ఆల్ల కాడ ఒగ్గీకు."